సంచిలో రెండో పుస్తకం

పక్షి ప్రేమికులారా!

నవంబరు వచ్చింది. పులికాట్ నీళ్లలో రాజహంసలు దిగుతున్నాయి. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లకు చోటు చూసుకుంటున్నాయి. ఉప్పలపాడులో, అటపాకలో, తేలినీలాపురంలో సందడి మొదలైంది. మనమూ సిద్ధమయ్యాం. బైనాక్యులర్ల అద్దాలు తుడిచాం. కెమెరా బ్యాటరీలు ఛార్జి చేశాం. సెలవులు పెట్టాం. బళ్లు మాట్లాడుకున్నాం.

చెరువు గట్టు మీద మన పక్కన ఒక కొత్త మనిషి నిలబడి ఉంటారు. ఏటా ఉంటారు. ఆ ఊరి బడిపిల్లవాడు కావచ్చు. తొలిసారి మనతో బయల్దేరిన బ్యాంకు ఉద్యోగిని కావచ్చు. పదవీ విరమణ చేసిన మాస్టారు కావచ్చు. తల ఎత్తి చూస్తారు. అబ్బురపడతారు. అదేం పిట్ట అని అడుగుతారు. మనం పేరు చెబుతాం. ఆపైన ఎవరి దారి వారిది. వారు ఇంటికి వెళ్లేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

ఆ ఖాళీ చేతి కోసమే ఈ సందేశం.

నూరేళ్లకు పైబడిన మాట. బొంబాయిలో ఒక కుర్రవాడు బొమ్మ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు చార ఉంది. ఇలాంటి పిచ్చుక ఎక్కడిదని మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ గారికి చీటీ రాసి కుర్రవాణ్ణి పంపారు. మిల్లార్డ్ ఆ పిచ్చుకను చూశారు. జాతి పేరు చెప్పారు. అంతటితో ఆగి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన ఆగలేదు. సొరుగులు ఒక్కొక్కటే లాగి, భద్రపరచిన పక్షులన్నీ చూపించారు. ఎడ్వర్డ్ హామిల్టన్ ఏట్కిన్ రాసిన ‘కామన్ బర్డ్స్ ఆఫ్ బాంబే’ వంటి పుస్తకాలు చదువుకొమ్మని ఇచ్చి పంపారు.

ఆ కుర్రవాడి పేరు సాలిం అలీ.

ఆయనే పెద్దవాడై 1931–32లో మన హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. 1941లో ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ వెలువరించారు. ఆ పుస్తకాన్ని నెహ్రూ తన కుమార్తె ఇందిరకు ఇచ్చారు. పక్షుల లోకానికి తన కళ్లు తెరిపించింది ఆ పుస్తకమేనని ఆమె తరవాత చెప్పుకున్నారు. ఒక కార్యదర్శి ఒక మధ్యాహ్నం చూపిన ఆదరణ ఎంత దూరం నడిచిందో చూడండి.

మనలో ప్రతివారి వెనుకా ఒక మిల్లార్డ్ ఉన్నారు. నాకు మా కాలేజీ లెక్చరర్ ఉన్నారు. వానకు ఉబ్బిన అట్టతో ఉన్న తన సొంత పక్షుల పుస్తకాన్ని వేసవి సెలవులంతా నా దగ్గరే ఉంచారు. ఎప్పుడు తిరిగిస్తావని ఒక్కసారీ అడగలేదు. మీకూ ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. అన్నయ్య ఇచ్చి ఉంటారు, పక్కింటివారు ఇచ్చి ఉంటారు, గ్రంథాలయంలో అపరిచితులెవరో అలమార వైపు వేలు చూపి ఉంటారు. ఆ బాకీ ఇచ్చినవారికి తీర్చలేం. కొత్తగా వచ్చినవారికే తీర్చాలి.

పుస్తకమైతే ఇవ్వాలి. కానీ ఏ పుస్తకం?

ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. కొన్నేళ్ల కిందట మా ఆదివారం నడకలకు తాపీపని చేసే యువకుడొకడు వచ్చేవాడు. పరంజా మీద నిలబడి గోడ కడుతూ పిట్టలను గమనించడం అతనికి అలవాటు. చూపు చురుకైనది. మేము బైనాక్యులర్ సవరించుకునే లోపు అతను మామూలు కంటితో డేగ రెక్క కింది తెల్ల మచ్చ చెప్పేవాడు. ఒకరోజు పుస్తకం ఏదైనా ఉంటే ఇమ్మన్నాడు. నా దగ్గర ఉన్నవాటిలో గొప్పదే ఇవ్వాలనుకున్నాను. రాస్ముస్సెన్, ఆండర్టన్‌ల ‘బర్డ్స్ ఆఫ్ సౌత్ ఏషియా’ రెండు సంపుటాలూ అతని చేతిలో పెట్టాను. నిపుణులకు అది నిధి. మిల్లీమీటర్లలో కొలతలు, కూతల ధ్వని చిత్రాలు, ఒకదానితో ఒకటి పోలిన జాతుల మీద సన్నటి చర్చ. అన్నీ ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో. మూడు వారాలకు తిరిగి తెచ్చాడు. మరక పడకుండా రెంటికీ వార్తాపత్రికతో అట్టలు వేసి తెచ్చాడు. “ఇవి నాకు కావులెండి సార్” అన్నాడు. ఆ తరవాతి ఆదివారం రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఆ సంపుటాలు నా బీరువాలోనే ఉన్నాయి. ఆ పత్రిక అట్టలు నేను తీయలేదు.

మిత్రులారా, గొప్ప పుస్తకం వేరు, తగిన పుస్తకం వేరు. ఇచ్చే ముందు అడగండి. ఏ పిట్టలు చూశావు? ఎక్కడ చూస్తావు? ఏ భాషలో హాయిగా చదువుతావు? ఈ మూడూ అడగకుండా చెప్పే సిఫారసు మన పాండిత్యం చాటుకోవడానికే పనికొస్తుంది. ఆకలిగొన్నవాడికి వడ్డించేటప్పుడు వాడి విస్తరి చూస్తాం కదా. ఇక్కడా అదే చూపు కావాలి.

కొత్తవారికి సాలిం అలీ పుస్తకం ఈనాటికీ మంచి తోడు. అందుకు కారణం ఆయన పక్షి సైజు చెప్పే తీరు. అంకెలతో బెదిరించరు. పిచ్చుకంత, గోరింకంత, కాకి కంటే చిన్నది, గద్ద కంటే పెద్దది అంటారు. ఎవరి పెరట్లోనైనా ఉండే కొలబద్ద అది. టేపు అక్కరలేదు, చదువు అక్కరలేదు. ఏడాది గడిచాక ఆ కొత్తవారే మన దగ్గరకు వస్తారు. ఈ రెండు ఉల్లంకులకూ తేడా ఏమిటి, ఈ డేగ ఆ డేగ ఒకటేనా అని నిలదీస్తారు. అప్పుడు గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్‌ల పుస్తకం తీయాలి. 1998లో వచ్చిన ఆ గ్రంథంలో ఉపఖండపు పక్షులు 1,300కు పైగా ఉన్నాయి. ఆడ, మగ, పిల్ల, ఎగిరేటప్పటి రూపు, అన్నీ బొమ్మల్లో విడివిడిగా కనిపిస్తాయి. ఇంకా ముందుకు వెళ్లి ఒకే పక్షి మీద మనసు పడ్డవారుంటారు. అది ఏం తింటుంది, ఎక్కడ గూడు కడుతుంది, ఎన్ని గుడ్లు పెడుతుందని రాత్రిళ్లు ఆలోచించేవారు వారు. వారిని సాలిం అలీ, డిల్లాన్ రిప్లీలు 1968 నుంచి 1974 దాకా వెలువరించిన పది సంపుటాల హ్యాండ్‌బుక్ దగ్గరకు చెయ్యి పట్టుకుని నడిపించండి. పదింటినీ కొనమనకండి. మీ ఇంట్లో కూర్చోబెట్టి చదివించండి.

ఫోను ఉండగా పుస్తకం ఎందుకని కొందరు అడుగుతున్నారు. ఫోను మంచిదే. కూత విని క్షణంలో పేరు చెబుతోంది. కాని అడిగిన దానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. పుస్తకం అడగనివి చూపిస్తుంది.

పోయిన శీతాకాలం ఉప్పలపాడు చెరువు దగ్గర చూసిన సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఎర్రకాళ్ల కొంగ పేరు అడిగింది. నేను పుస్తకం తెరిచి ఆమె చేతికే ఇచ్చాను. పేజీ మీద వేలు ఆనించి ఎర్రకాళ్ల కొంగను పట్టుకుంది. ఆ వేలు అక్కడ ఆగలేదు. కిందికి జరిగింది. ముక్కు మధ్య సందున్న కొంగ బొమ్మ దగ్గర నిలిచింది. “దీని నోరు పూర్తిగా మూసుకోదా అండీ?” అని అడిగింది. మూసుకోదు, ఆ ముక్కుతో నత్తలను పట్టి గుల్లలోంచి మాంసం తీసి తింటుందని చెప్పాను. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. “మా అమ్మమ్మ దీన్నే నత్తగుల్ల కొంగ అంటుంది!” అంది.

పుస్తకం పేరా రాసి చెప్పిన సంగతిని ఆ అమ్మమ్మ రెండు మాటల్లో చెప్పింది. ఇక్కడే మన రెండో బాధ్యత ఉంది: ఊరి పేర్లను పుస్తకంతో కలపడం.

జెర్డాన్ అనే వైద్యుడు మద్రాసు సైన్యంలో పనిచేస్తూ నెల్లూరులోనూ ఉన్నాడు. 1862–64లో ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’ అచ్చు వేశాడు. అందులో పక్షుల తెలుగు పేర్లు ఇంగ్లిషు లిపిలో ఉన్నాయి. పాలపిట్ట అక్కడ పాలపిట్టగానే ఉంది. అంతకు కొద్ది ఏళ్ల ముందు, 1859లో, వాల్టర్ ఎలియట్ తెలుగు జిల్లాల మొక్కల పేర్లు సేకరించి ‘ఫ్లోరా ఆంధ్రికా’ తెచ్చాడు. ఆ పేర్లు వారికి ఎవరు చెప్పి ఉంటారు? పిట్టలు పట్టేవారు, పశువులు కాసేవారు, పొలం గట్టున పనిచేసే మన తాతలు, ముత్తవ్వలు. పేర్లు చెప్పినవారికి ఆ పుస్తకాలు అందలేదు. వారి మునిమనవలకు కూడా అందలేదు. మనం అందించాలి.

కలివికోడి కథ మరిచిపోకండి. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన పక్షి అది. 1900లో అనంతపురం వైపు కనబడింది. ఆ తరవాత మాయమైంది. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఊరూరా తిరిగి అడిగారు. పక్షిని పట్టి తెచ్చి చూపింది మాత్రం అక్కడి మనిషే. రాత్రి పూట ముళ్లపొదల మధ్య ఆ కోడి ఎక్కడ తిరుగుతుందో ఆ ఊరికి తెలుసు. ఏ గ్రంథానికీ తెలియదు. 86 ఏళ్ల పాటు ఊరి ఎరుక ఒకవైపు, పుస్తకం ఒకవైపు ఉండిపోయాయి. ఆ రెంటినీ కలిపినవారు ఒక జాతిని మనకు తిరిగి ఇచ్చారు.

అందుకే చెబుతున్నాను. మీరు ఇచ్చే ఇంగ్లిషు పుస్తకంలో ప్రతి బొమ్మ పక్కన తెలుగు పేరు పెన్సిలుతో రాసి ఇవ్వండి. తెలియని పేరు కల్పించకండి. సంస్కృతంలోంచి కొత్తది తయారు చేయకండి. ఆ చోటు ఖాళీగా వదలండి. పుస్తకం అందుకున్నవారిని, వారి ఊళ్లో పెద్దలను అడిగి నింపమనండి. ఒక్క పక్షికి మూడు ఊళ్లలో మూడు పేర్లుంటే మూడూ రాయండి. చెంబోతు ఒకచోట, జెముడుకాకి ఒకచోట. రెండూ నిజమే. ఇలా నిండిన ప్రతులు పది పోగైతే, తెలుగులో మంచి ఫీల్డ్ గైడ్ రాయబోయేవారికి అంతకంటే మంచి ముడిసరుకు ఏం కావాలి?

అన్నీ మన జేబులోంచే కొనాలా అని అడుగుతారేమో. మంచి ప్రశ్న. ఈ పుస్తకాలు చవకైనవి కావు. కాని మన గ్రంథాలయాలున్నాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. ఆ అలమారలు మనవి. అక్కడ పోటీ పరీక్షల పుస్తకాలున్నాయి, నవలలున్నాయి. పక్షుల పుస్తకం ఎందుకు లేదు? ఎవరూ అడగలేదు కాబట్టి లేదు. వెళ్లి అడుగుదాం. రాతపూర్వకంగా అడుగుదాం. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, వెల స్పష్టంగా రాసి ఇద్దాం. నెలకోసారి వెళ్లి ఏమైందని వినయంగా కనుక్కుందాం. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాలను నిలబెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారికీ, ఊరూరా గ్రంథాలయాల కోసం జీవితమంతా తిరిగిన అయ్యంకి వెంకట రమణయ్య గారికీ వారసులం మనం. చరిత్ర, శాస్త్రం తెలుగువాడి గడపకు రావాలని వారు తపించారు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి నిలిచి ఉందంటే దాని వెనుక ఎందరి చందాలు, ఎందరి చెమట! మనం ఒక అర్జీ రాయలేమా?

ఇతర అభిరుచులవారికీ ఇదే విన్నపం. నాణేలు సేకరించేవారు, మొక్కలు గుర్తుపట్టేవారు, రాత్రిపూట దుర్భిణి పెట్టి ఆకాశం చూసేవారు, మీ గట్టు మీదా ఒక కొత్త మనిషి నిలబడి ఉన్నారు.

నవంబరు 12 సాలిం అలీ జయంతి. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క రోజు. 12న తెల్లవారుజామున మీ ఊరి చెరువు దగ్గర కలుద్దాం. 13న కూర్చుని పెన్సిలు చెక్కి పేర్లు రాద్దాం. 14న శాఖా గ్రంథాలయం తలుపు తీసే వేళకు ఆ పుస్తకంతో, ఆ అర్జీతో గుమ్మంలో ఉందాం. గట్టు మీద ఎదురైన పిల్లలనూ వెంట తీసుకెళ్దాం. సభ్యత్వం డబ్బు వారి తరఫున మనమే కడదాం.

బయల్దేరే ముందు సంచి ఒకసారి తెరిచి చూసుకోండి. మీ పుస్తకం ఉంటుంది. దాని పక్కన రెండోది పెట్టుకోండి.