మరకలు తుడిచేస్తే గవాహీ ఎవరిస్తారు?

1977లో లండన్‌లో మొదలైన 'మైండ్ యువర్ లాంగ్వేజ్' నవ్వుల సీరియల్ అంటే మా ఇంటిల్లిపాదికీ షౌక్. ఇంగ్లిష్ క్లాసులో పాకిస్తానీ అలీ నదీమ్ నోరు విప్పాడంటే అమ్మీ నవ్వు ఆగేది కాదు. మా బావ కువైట్ నుంచి తెచ్చిన క్యాసెట్టును మొన్న మా భాంజా కంప్యూటర్లోకి ఎక్కించి, ఏదో యాప్‌తో 'సాఫ్' చేశాడు. "చూడండి మామూ, నిన్ననే తీసినట్టు లేదూ!" అన్నాడు. నాకు మాత్రం గుండె కలుక్కుమంది.

పాత బ్రిటిష్ స్టూడియో కెమెరాలను పోల్చుకోవడం నా ముప్పై ఏళ్ల పిచ్చి. మొదట్లో ఒక ఫొటోలో కెమెరా పక్కన '3' అంకె చూసి మార్కోనీ మార్క్ 3 అని అందరికీ చెప్పి అభాసుపాలయ్యాను. అది స్టూడియోలో మూడో కెమెరా అని వేసిన నంబరు, అంతే. అప్పటి నుంచి అంకెల్ని నమ్మను, ఒళ్లు చూస్తాను. ముందు తిరిగే చట్రంలో నాలుగు లెన్సులుంటే చాలామటుకు బ్లాక్ అండ్ వైట్ జమానాది. కానీ మార్కోనీ, పై, ఈఎంఐ అందరూ అలాంటివి చేశారు కాబట్టి అంతమాత్రాన పేరు తేలదు. 1960ల చివర్లో వచ్చిన ఈఎంఐ 2001 మాత్రం దూరం నుంచే దొరికిపోతుంది. దాని జూమ్ లెన్స్ పెట్టె లోపలే ఉంటుంది, బయటికి మూతి కనబడదు. లోపల నాలుగు ట్యూబులు. ఈస్ట్‌ఎండర్స్ సీరియల్‌కు 1991 దాకా వాటినే వాడారు. మార్కోనీ మార్క్ 7 లోనూ నాలుగు ట్యూబులే, లెన్స్ మాత్రం ముందుకు పొడుచుకొని ఉంటుంది.

ఫొటో లేకపోతే? అప్పుడు బొమ్మలోని లోపాలే సబూత్. మెరిసే వస్తువు చుట్టూ నల్లని వలయం ఉంటే అది ఇమేజ్ ఆర్థికాన్ ట్యూబు పని. మెరుపు కదిలినప్పుడు వెనకాల తోకలా మరక సాగితే ప్లంబికాన్‌ను అనుమానించాలి. ఇవి ట్యూబు జాతిని చెబుతాయేగానీ కంపెనీని కాదు, అయినా సగం దారి తేలినట్టే. ఆ రోజుల్లో ఇంజినీర్లు ఈ మరకలతో కుస్తీ పట్టారు. ఇప్పుడు అవే వాళ్ల మెహనత్‌కు నిషానీ.

ఈ సాఫ్ చేసే యాప్‌లు తుడిచేది సరిగ్గా వాటినే. మొహాలకు లేని నునుపు పూసి, తోకల్ని చెరిపేసి, లేని వివరాలు అల్లుతాయి. చూడ్డానికి బాగుంటే తప్పేమిటంటారా? చూసుకోండి, కాదనను. కానీ అస్లీ ప్రతిని పక్కన పెట్టుకొని చూసుకోండి. 1960లు, 70లలో బీబీసీయే ఎన్నో టేపులు చెరిపి మళ్లీ వాడుకుంది. వాళ్లకు టేపు ఖరీదనే బహానా అయినా ఉంది, మనకు అదీ లేదు.

"అసలు ఫైలు ఉంచావా బేటా?" అని అడిగాను.

"జాగా లేదు మామూ, డిలీట్ చేశా."

క్యాసెట్టుకు బూజు పట్టింది. ఇంకోసారి తిరుగుతుందేమో రేపు చూడాలి.