మెష్ సర్జరీ: వేయడం అరగంటే.. తీయించుకోవడానికి అమెరికా దాకా! స్కాట్లాండ్‌లో చట్టం ఎందుకొచ్చింది?

దగ్గినా, తుమ్మినా మూత్రం లీకవుతోందని ఆస్పత్రికెళ్లారు. అరగంట ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. మూత్రనాళం కింద ప్లాస్టిక్ మెష్ పట్టీ వేసి పంపించారు. చాలామందికి సమస్య తగ్గింది కూడా. కానీ కొందరికి ఆ పట్టీయే యోని గోడను కోసుకుని బయటికొచ్చింది. నడవలేనంత నొప్పి, వదలని ఇన్ఫెక్షన్లు. బాధితుల పోరాటంతో స్కాట్లాండ్ ప్రభుత్వం 2014లో మెష్ వాడకం ఆపాలని ఆస్పత్రులను కోరింది.

మరి ఇప్పటికే వేసినవాళ్ల సంగతేంటి? అసలు చిక్కు అక్కడే!

మెష్‌ను తిరిగి తీయాలన్న ఆలోచనతో తయారు చేయలేదు. దాని రంధ్రాల్లోంచి కండ పెరిగి గట్టిగా పట్టుకోవాలి.. అదే దాని పని. అందుకే తీసేటప్పుడు మూత్రాశయం, మూత్రనాళం, నరాలు దెబ్బతినే ముప్పుంది. గజ్జల మీదుగా వేసిన పట్టీ అయితే తొడ కండరాల్లో వెతికి తీయాలి. యోని వైపున్న ముక్క వరకు కత్తిరించి మిగతాది వదిలేయడం సర్జన్‌కు తేలికే, నొప్పి మాత్రం పోకపోవచ్చు. పూర్తిగా తీశాక లీకేజీ మళ్లీ మొదలైతే, పొట్ట కండరాలపై ఉండే గట్టి పొర నుంచి పట్టీ తీసుకుని ఇంకో ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

ఇంత క్లిష్టమైన సర్జరీకి గ్లాస్గోలో ప్రత్యేక కేంద్రం పెట్టారు. అయినా చాలామంది వెళ్లలేదు. 'మొత్తం తీసేశాం' అని చెప్పినా లోపల మెష్ మిగిలే ఉందని కొందరు మహిళలు ఆరోపించారు. ఆ రికార్డులపై ప్రభుత్వం సమీక్ష జరిపించాల్సి వచ్చింది. మెష్ వేసిన వ్యవస్థ చేతికే మళ్లీ ఒళ్లు అప్పగించమంటే ఎవరు ఒప్పుకుంటారు? కొందరు సొంత డబ్బుతో అమెరికాలోని మిస్సోరి వెళ్లి తీయించుకున్నారు.

2022 జనవరిలో స్కాట్లాండ్ పార్లమెంట్ ఆమోదించిన చట్టం ఆ ఖర్చు తిరిగివ్వడానికే. సర్జరీ బిల్లుతోపాటు ప్రయాణం, బస, తోడు వెళ్లినవాళ్ల ఖర్చు కూడా ఇస్తారు. అదే ఏడాది జులైలో బ్రిస్టల్, మిస్సోరి ప్రైవేటు సర్జన్లతో ప్రభుత్వమే ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వ వైద్యాన్ని గర్వంగా చెప్పుకునే దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఇంగ్లండ్ దారి వేరు. 2018లో అక్కడా మెష్‌కు బ్రేక్ వేశారు. తొలగింపు కోసం 2021 నుంచి ప్రత్యేక కేంద్రాలు తెరిచారు. బాధితులకు తొలివిడతగా 25 వేల పౌండ్లు ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో పేషెంట్ సేఫ్టీ కమిషనర్ హెన్రియెట్టా హ్యూస్ సిఫార్సు చేశారు.