డోలీ దిగిన పిమ్మట

అరకు, పాడేరు కొండలలో గర్భిణిని డోలీ కట్టి మోసికొనివచ్చుట నేటికిని తప్పలేదు. అంత శ్రమపడి ఆసుపత్రి చేరిన తల్లికి, కడుగని చేతులవలన అచ్చటనే కొత్త జ్వరము పుట్టినచో ఆ నేర మెవ్వరిది? గిరిజనుల అపరిశుభ్రత యని పట్టణపు పెద్దలు సులువుగా సెలవిత్తురు. ఆ మాట మే మంగీకరింపము. 1847లో వియన్నా ప్రసూతిశాలయందు సెమ్మెల్‌వైస్ బ్లీచింగు పొడి నీట చేతులు కడిగించినది రోగులచేత కాదు, వైద్యులచేత! బాలింతల మరణములు వెంటనే తగ్గినవి.

చేతుల లోపమును యాంటీబయాటిక్కులతో కప్పుట నేటి దురాచారము. అనవసరముగ వాడినకొలదియు మందునకు లొంగని క్రిములే మిగిలి పెరుగును. ప్రాణముమీదికి వచ్చినపుడు మందు పనిచేయదు. హెచ్1 జాబితా మందుల విక్రయమునకు దుకాణదారు వేరు పుస్తకము వ్రాయవలెనని 2014 నుండి చట్టమున్నది. (చట్టములకు మనకు లోటెన్నడు?) ఆ పుస్తకములను తనిఖీ చేయుడు. అంతకుముందు ఆ కొండల ఆసుపత్రులలో ప్రతి మంచము చెంతను నీరు, సబ్బు అమర్చుడు.