సేవాసంఘమునకు పెద్దల నెన్నుకొనుట

మన పాఠశాలలో సేవాసంఘ మొకటి నెలకొల్పవలెనని పై తరగతుల విద్యార్థులు కొందరు సంకల్పించి యున్నారు. సంఘమునకు పేరు పెట్టిరి, చందా నిర్ణయించిరి, బ్యాడ్జిపై నుండవలసిన బొమ్మనుగూడ వ్రాసిరి. సలహాదారు లెవరను ప్రశ్నను మాత్రము కడపటి కుంచిరి. "హెడ్మాస్టరుగారు ఎవరినో యొకరిని వేయుదురు లెండి" అని వారి మాట. ఈ మాటయే నాకు నచ్చలేదు.

విద్యార్థుల సేవాసంఘములు లోకమున క్రొత్తవి కావు. 1925 డిసెంబరు 16వ తేదీన అమెరికాలోని లఫాయెట్ కళాశాలలో ఫ్రాంక్ రీడ్ హోర్టన్ అను విద్యార్థి తన సహపాఠులతో గూడి ఆల్ఫా ఫై ఒమేగా అను సేవాసోదర సంఘమును స్థాపించెను. స్కౌటు ధర్మమును కళాశాలలోనికి గొనిపోవుట వారి యుద్దేశము. ఆ సంఘపు శాఖలు నేటికిని అధ్యాపకులనేగాక ఊరిపెద్దలనుగూడ సలహాదారులుగా బిలుచుకొనుచున్నవి. మనదేశమున గాంధీమహాత్ముని శతజయంతి సంవత్సరమగు 1969లో 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవాపథకము మొదలయ్యెను. అందు నూర్గురు విద్యార్థుల కొక అధ్యాపకుడు ప్రోగ్రాం ఆఫీసరుగా నుండును. పాఠశాలల జూనియర్ రెడ్ క్రాస్ నందును కౌన్సిలరను పేర నొక యుపాధ్యాయుడుగాని ఉపాధ్యాయినిగాని యుందురు. ఇన్నిచోట్ల ముఖ్యమని యెంచిన దానిని మనము నామమాత్రముగా జూడరాదు.

నేను విద్యార్థిగా నున్న యొక సంఘమునకు, ఆ యేడే క్రొత్తగా వచ్చిన యుపాధ్యాయుని సలహాదారుగా వేసిరి. కారణమేమన, కాదనుటకు ఆయనకు ధైర్యము చాలదు. అప్పటికే పరీక్షల రిజిస్టరులు, గ్రంథాలయపు తాళములు, ఆటల సామానులు ఆయన మీదనే యుండెను. మేము వ్రాసిన మినిట్సుపై చదువకయే సంతకము చేసెడివారు. మరుసటి యేడు బదిలీ యయ్యెను. ప్రథమచికిత్స పెట్టె బీరువాలోనే యుండిపోయెను. రెండేండ్లకు తెరచి చూడగా కట్టుగుడ్డలను చిమ్మటలు కొట్టియుండెను. తప్పు ఆయనది కాదు. ఆయనను అడిగినవారే లేరు; ఆజ్ఞాపించిరి, అంతే.

ఇక రెండవ పొరపాటు మన సీమలో మరింత సులభము. మామిడి వ్యాపారమున గడించిన ధనికు డొకరు సలహాదారుగా నుండిన చందాల బాధ తీరునని కొందరి తలపు. దాతృత్వమును నేను నిందింపను. కాని మన బాలబాలికలు వేసవి సెలవులకు ముందు చేయదలచిన మొదటి పని యేమి? కార్బైడుతో మగ్గబెట్టిన పండ్లను గూర్చి బజారులో చెప్పుట. తేమ తగిలినంతనే కాల్షియం కార్బైడునుండి ఎసిటిలిన్ వాయువు వెడలును. ఆ సరకులో ఆర్సెనిక్, ఫాస్ఫరసు లేశములుగా నుండును. కావుననే పండ్లను మగ్గబెట్టుటకు దాని వాడుకను 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించినవి. ఈ మాటలను కొట్టు ముందర నిలిచి చెప్పవలసిన విద్యార్థికి, ఆ కొట్టు తన సలహాదారునిదే యైనచో నోరు పెగలునా? ఆయన నిజాయితీపరుడే కావచ్చును. అయినను నోరు పెగలదు. ధనమిచ్చువారిని దాతలుగానే గౌరవింతము, సలహాపీఠమున గూర్చుండబెట్టవలదు.

మరి యెవరిని? ఇరుగుపొరుగువారికి కష్టము వచ్చినప్పుడు పిలువకయే పోవు అలవాటు గలవారిని వెదకవలెను. అట్టివారి పేర్లు సభలలో వినబడవు; ఆరోగ్యకేంద్రపు వసారాలోనో, బడి వంటగదిలోనో అడిగిన దెలియును. పాఠశాలనుండి ఒకరు, వెలుపలినుండి యొక నర్సమ్మగారు, తోటపని యెరిగిన యొక రైతు, ఈ ముగ్గురు చాలుదురు. సంఘమున బాలికలుందురు గనుక, సలహాదారులలో నొక స్త్రీయైనను ఉండి తీరవలెను. ఇందు నేను చర్చ నంగీకరింపను.

అడుగు తీరును గూర్చి యొక మాట. నూజివీడు రైతును పూత సమయమున గాని కోత సమయమున గాని అడుగబోవుట వ్యర్థము. జనవరి మొదలు ఆయన కన్ను పూతమీదను ఆకాశముమీదను నుండును. ఏప్రిలు, మే నెలలలో రసాలును బంగినపల్లియు కోతకు వచ్చినప్పుడు ఇంటివారితో మాటాడుటకే తీరిక యుండదు. బడులు తెరచి, తొలకరి పడిన పిమ్మట ఇద్దరు విద్యార్థులు స్వయముగా ఇంటికి పోవలెను. "మీ పేరు వేసికొందుము బాబాయిగారూ" అనరాదు. నెలకు రెండు సాయంకాలములు, ఏటికొక శిబిరము, మూడు నెలల కొకసారి లెక్కల పుస్తకము చూచుట, ఇంత పని యున్నదని విప్పి చెప్పవలెను. "నా వలన కాదు నాయనా" అన్నచో నమస్కరించి మరలవలెను. అట్లు చెప్పినవారు మనకు మేలు చేసినవారే. ఒప్పుకొన్నవారికి గడువు నుండవలెను. జాతీయ సేవాపథకములో ప్రోగ్రాం ఆఫీసరుకు మూడేండ్లు, అవసరమైన నింకొక యేడు; మనకు రెండు చాలును.

సంఘమును నడపుట విద్యార్థులది. కాని ఎండలో చెరువు పూడిక తీయుదుమని వారుత్సాహపడినప్పుడు "పదిగంటల తరువాత వలదు" అనుట పెద్దలది. ఆ మాటకు లోబడుటకు సంఘమువారు ముందుగనే ఒప్పుకొనవలెను. ఈ షరతును నియమావళిలో వ్రాయుదురా యని మొన్న అడిగితిని. కార్యదర్శి తల గోకికొని, ఆలోచింతుమనెను.