బ్యాటరీ షాపు దుమ్ము ఇంటిదాకా!

ఎలక్ట్రిక్‌ స్కూటర్‌ తగలబడిందంటే చాలు, చర్చంతా లిథియం బ్యాటరీల చుట్టూనే తిరుగుతోంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్‌ పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్‌ స్కూటర్ల షోరూంలో రేగిన మంటలు, పొగ పైనున్న లాడ్జిలో 8 మందిని బలిగొన్నాయి. కేంద్రం ఆ ఏడాదే ఈ బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. మంచిదే. కానీ వీధి చివరి బ్యాటరీ షాపులో, మెకానిక్‌ షెడ్డులో రోజూ చేతులు పడేది ఎక్కువగా పాత రకం సీసం బ్యాటరీల మీదే. కారు, ట్రాక్టరు, ఇన్వర్టరు... చాలావాటికి ఇప్పటికీ అవే. వాటి గురించి మాట్లాడేవారే తక్కువ.

బ్యాటరీకి బిరడాలు తీసి నీళ్లు పోసినంత మాత్రాన సీసం ఒంట్లోకి పోదు. పాత బ్యాటరీని పగలగొట్టినప్పుడు, ప్లేట్లు బయటికి తీసినప్పుడు, సీసం కరిగించినప్పుడే అసలు ముప్పు. ఆ దుమ్ము, పొగ ఊపిరితో లోపలికి వెళ్తాయి. చేతులు కడుక్కోకుండా తిన్నా, బీడీ కాల్చినా నోట్లోకి చేరుతుంది. చొక్కాకు, చెప్పులకు, జుట్టుకు అంటుకుని ఇంటికీ వస్తుంది. నాన్న రాగానే మీద ఎక్కే పసివాడికి అదే చాలు. పెద్దవాళ్ల కంటే పిల్లల ఒంటికి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. చదువు మందగించడం, చిరాకు, రక్తహీనత వంటివి మెల్లగా బయటపడతాయి. దీన్ని ‘పిల్లాడికి శ్రద్ధ లేదు’ అని తిట్టి ఊరుకునే ఇళ్లే ఎక్కువ. ఎముకల్లో పేరుకున్న సీసం గర్భిణుల్లో మళ్లీ రక్తంలోకి వచ్చి బిడ్డకూ చేరుతుంది.

ఇది నలుగురైదుగురి సమస్య కాదు. దేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటి ఉంటుందని 2020లో యునిసెఫ్‌, ప్యూర్‌ ఎర్త్‌ సంస్థల నివేదిక అంచనా వేసింది. పాత బ్యాటరీలను అడ్డదిడ్డంగా విప్పడాన్ని అది ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపింది. కింద షట్టరు బ్యాటరీ షాపుకు అద్దెకిచ్చి పైన కాపురముండే వారు, లోపల బ్యాటరీలు విప్పుతున్నారేమో కనుక్కోవటం మంచిది.

షాపులో తక్షణ ప్రమాదాలు వేరు. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్‌ వాయువు గాలిలో 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. గాలి ఆడని గదిలో ఛార్జింగ్‌ పెట్టొద్దు, దగ్గర్లో బీడీ, సిగరెట్‌ వద్దు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్‌ తీగ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయాలి. పానా రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగిలితే అక్కడికక్కడే నిప్పులు చిమ్ముతాయి. యాసిడ్‌ కలపాల్సివస్తే నీళ్లలో యాసిడ్‌ పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్‌ తప్పనిసరి. కంట్లో పడితే 15 నిమిషాల పాటు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. వంటసోడా, చుక్కల మందుల జోలికి పోవద్దు. ఇక ఉబ్బిన, దెబ్బతిన్న లిథియం బ్యాటరీని మాత్రం మెకానిక్‌ విప్పకూడదు. దాన్ని కంపెనీ సర్వీసు సెంటరుకే వదిలేయాలి.

ఇంటికి సీసం రాకుండా చూసుకోవటానికి పెద్ద ఖర్చేం కాదు. పని బట్టలు షాపులోనే మార్చుకోవాలి, విడిగా ఉతకాలి. ముఖం, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే భోజనం. వీలైతే స్నానం చేసి బయల్దేరాలి. షాపును పొడి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి.

మన ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ అయిపోతే పాతసామాన్ల బండికి అమ్మటం కొందరికి అలవాటు. అక్కడి నుంచి అది ఏ పెరట్లో పగులుతుందో తెలీదు. కొత్తది కొన్న డీలరుకే పాతది ఇచ్చేయండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని చెత్తతో కలపకుండా విడిగా సేకరణదారులకు, రీసైక్లింగ్‌ చేసేవారికి అప్పగించటం వినియోగదారుల బాధ్యతే.

బ్యాటరీ పని చేసేవారిలో తరచూ కడుపునొప్పి, మలబద్ధకం, తలనొప్పి, నీరసం ఉంటే ‘గ్యాస్‌’ అనుకోకుండా రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే వాళ్లకూ చేయించటం మేలు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకుమించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీరు చేసే పనేమిటో ముందే చెప్పండి.