రోగం పేరు చెప్పి గూడు లాక్కోనివ్వరాదు

వ్యవసాయ కూలీ సొంత ఇల్లు కట్టుకోవాలంటే అప్పు చెయ్యక తప్పదు. కేంద్రం గ్రామీణ ఆవాస్ పథకం కింద మైదాన ప్రాంతాల్లో ఇచ్చేది 1 లక్షా 20 వేల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పట్టాలిచ్చి మొదలుపెట్టిన పథకంలో 1 లక్షా 80 వేలు, దానిపైన డ్వాక్రా సంఘం ద్వారా 35 వేల అప్పు. ఈ డబ్బుతో గోడలు లేస్తాయేమో గాని స్లాబు పడదు. మిగతాది బ్యాంకులోనో, ప్రైవేటు ఫైనాన్సులోనో, ఊళ్ళో వడ్డీ వ్యాపారి దగ్గరో తేవాల్సిందే. ఆ అప్పుకు హామీ కూలీ రెక్కల కష్టమే. ఆ రెక్కలకు జబ్బు చేస్తే ఇల్లు ఎవరిదవుతుంది?

అన్ని జబ్బులూ ఒక ఎత్తు, హెచ్.ఐ.వి. ఒక ఎత్తు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వైరస్‌తో బతుకుతున్నవారు 3 లక్షల పైచిలుకని అంచనా. పనికోసం ఊరు విడిచిన వలస కూలీలు, లారీ కార్మికులు, వాళ్ళ భార్యలు ఇందులో ఎందరో. విషయం బయటపడితే పనికి పిలిచేవాడుండడు, అప్పు పుట్టదు. ఉన్న అప్పు మాత్రం ఒక్కసారే కట్టమంటారు.

బ్యాంకు మాట వేరుగా ఉంటుందనుకుంటే పొరపాటు. ఇంటి అప్పుతోపాటు బీమా కూడా అంటగడతారు. ప్రీమియం అప్పులోనే కలుపుతారు. ఇంగ్లీషు కాగితం మీద 'నాకు ఏ జబ్బూ లేదు' అని రాసి ఉంటుంది, వేలిముద్ర వేయించుకుంటారు. మనిషి పోయాక 'జబ్బు దాచాడు' అని బీమా కంపెనీ చేతులు దులుపుకుంటుంది. బాకీ వితంతువు నెత్తిన పడుతుంది. ప్రీమియం తిన్నవాడికి నష్టం లేదు, అప్పిచ్చినవాడికి ఇల్లు తాకట్టులో ఉంది. మునిగేది ఆ ఇంటి ఆడమనిషి, పిల్లలు.

'ఈ జబ్బున్నవాడు రేపో మాపో పోతాడు, అప్పెలా ఇస్తాం?' అంటారు. ఆ కాలం పోయింది. 2004 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో ఏ.ఆర్.టి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2017 నుండి వైరస్ ఉన్నట్టు తేలిన ప్రతివారికీ మందు మొదలుపెడుతున్నారు. తొందరగా మొదలెట్టి మానకుండా వాడేవారు దాదాపు అందరిలాగే బతుకుతున్నారు, పనిచేస్తున్నారు. దక్షిణాఫ్రికాలో ఇరవయ్యేళ్ళ నాడే ఈ జబ్బున్నవారికి జీవిత బీమా అమ్మడం మొదలైంది. అక్కడ వీలైనది ఇక్కడ కాదంటే అది పేదవాడి మీద చిన్నచూపే.

చట్టం కూడా మనవైపే ఉంది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. అందరికీ అందే సేవలను జబ్బు పేరుతో నిరాకరించరాదని, వాటికోసం హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకు రమ్మనరాదని అందులో ఉంది. గణాంకాల ఆధారం చూపకుండా బీమా నిరాకరించడం కూడా తప్పే. ఈ రక్షణ రోగికే గాక అతనితో కలిసి బతికిన భార్యాబిడ్డలకూ వర్తిస్తుంది. ఉమ్మడి ఇంట్లోంచి వారిని గెంటే హక్కు అత్తమామలకు కూడా లేదు. ఫిర్యాదు వినడానికి రాష్ట్ర ప్రభుత్వం అంబుడ్స్‌మన్‌ను నియమించాలి, అతడు 30 రోజుల్లో తేల్చాలి. ఆ ఉత్తర్వును ఖాతరు చెయ్యనివారికి 10 వేల దాకా జరిమానా.

మన కార్యకర్తలు ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. జీవిత బీమా పాలసీకి మూడేళ్ళు నిండాక దాన్ని ఏ కారణం చేతా ప్రశ్నించరాదని బీమా చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. తాకట్టు ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకులు వాడే 2002 నాటి సర్ఫేసీ చట్టం లక్ష రూపాయల లోపు బాకీకి వర్తించదు. అంతకు మించితే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు పోవచ్చు. నోటీసు వస్తే భయపడి సంతకాలు పెట్టొద్దు, సంఘం దగ్గరకు తీసుకురండి.

చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం:

ఇంటి అప్పుల బీమాలో హెచ్.ఐ.వి. మినహాయింపులు రద్దు చెయ్యాలి. మందులు మొదలెట్టి పనికి పోలేని కాలానికి వాయిదాలు ఆపాలి, ఆ కాలానికి వడ్డీ మాఫీ చెయ్యాలి. తక్కువ ఆదాయం గలవారి ఇంటి అప్పులకు ప్రభుత్వమే గ్యారంటీ నిధి పెట్టాలి. బ్యాంకుల కోట్ల బాకీలు ఖాతాల్లోంచి కొట్టేయగలిగిన పాలకులకు ఇది బరువు కాదు. బీమా కాగితాలు తెలుగులో ఇవ్వాలి. అంబుడ్స్‌మన్ పేరు, చిరునామా ప్రతి ఏ.ఆర్.టి. కేంద్రం గోడమీద, ప్రతి బ్యాంకు గోడమీద రాయించాలి.

మన సంఘాల్లోనూ ఒక కట్టుబాటు ఉండాలి. ఫలానా వారికి ఫలానా జబ్బని నలుగురిలో అనడం వారి ఇంటికి నిప్పు పెట్టడమే. అప్పు వ్యవహారంలో తోడు పోయే కార్యకర్త రోగి ఒప్పుకోకుండా జబ్బు పేరు ఎక్కడా ఎత్తకూడదు. డ్వాక్రా సంఘంలో ఒకామె వాయిదా తప్పితే ఆమె మీద పడకుండా, సంఘమంతా కలిసి బ్యాంకు మేనేజరు ముందు నిలబడి గడువు అడగాలి. ఒంటరిగా పోయినామెను గుమాస్తా కసురుతాడు. యాభైమంది పోతే మేనేజరు కుర్చీ వేస్తాడు. ఏ ఊళ్ళోనైనా రోగం కారణంగా ఒక్క కూలీ ఇంటికి తాళం పడబోతుంటే, ఆ తాళానికి అడ్డం నిలవాల్సింది ఊరి కూలీలందరూ.