రక్తం చెప్పేది సగమే

మాసూళ్లు మొదలయ్యాయంటే చాలు, మా వడ్లమూడిలో ఇంటికొకరైనా తుమ్ముతూ కనిపిస్తారు. నూర్పిళ్ల దుమ్ము, మంచు, అటక మీంచి దించిన పాత దుప్పట్లు... అన్నీ ఒక్కసారే వస్తాయి మరి! ఇదివరకు పెద్దవాళ్లు "ఇస్నోఫీలియా" అనేసి ఊరుకునేవారు. ఇప్పుడు గుంటూరో తెనాలో వెళ్లి రక్తపరీక్ష చేయించుకొస్తున్నారు. మంచిదే. కానీ ఆ కాగితంలో అంకె పెరిగిందని పిల్లల కంచంలోంచి గుడ్డు, పాలు, వేరుశెనగ ఒక్కొక్కటే తీసేస్తున్న తల్లులను చూస్తే దిగులేస్తుంది. సంగం డెయిరీ ఉన్న ఊళ్లో పిల్లలు పాలకు మొహం వాచడమేమిటి చెప్పండి?

ఆ కాగితంలోని 'ఐజీఈ' ఎలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకం. 1966లో అమెరికాలో దాన్ని గుర్తించినవారు జపాన్‌కు చెందిన ఇషిజాకా దంపతులు. భర్త కిమిషిగెతో పాటు భార్య తెరుకో కూడా ఆ పరిశోధనలో సమాన భాగస్వామి. ఇంచుమించు అప్పుడే స్వీడన్ శాస్త్రవేత్తలూ కనుక్కున్నారు. 1968లో దానికి ఆ పేరు స్థిరపడింది.

అయితే కడుపులో నులిపురుగులున్నా ఐజీఈ పెరుగుతుంది, ఇస్నోఫిల్ కణాలూ పెరుగుతాయి. బోదకాలు క్రిములతోనూ అంతే. కాబట్టి మొత్తం ఐజీఈ ఎక్కువుంటే అది ఎలర్జీయేనని తేల్చేయకూడదు. బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర మన పిల్లలు వేసుకున్నారో లేదో ముందు కనుక్కోవాలి.

గుడ్డుకొకటి, పాలకొకటి విడివిడిగా చూసే పరీక్షలూ ఉన్నాయి. వాటిలో 'ఉంది' అని వచ్చినా శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపడుతోందనే అర్థం. రోజూ గుడ్డు తిని హాయిగా ఆడుకునే పిల్లవాడికి ఆ కాగితం చూసి గుడ్డు మాన్పించడం అన్యాయం. మరోవైపు, వయ్యారిభామ మొక్క తగిలి చర్మం దురదలు పెట్టేవారికి ఈ పరీక్షలో ఏమీ తేలకపోవచ్చు. అది వేరే రకం ఎలర్జీ.

పరీక్షలు దండగని నేననడం లేదు. తీవ్రమైన ఉబ్బసానికి ఏ మందు సరిపడుతుందో ఇస్నోఫిల్ లెక్క చూసి డాక్టర్లు అంచనా వేస్తారు. పాలు పడని బిడ్డకు ఏటికేడాది పాల ఐజీఈ తగ్గుతుంటే, ఆస్పత్రిలో వారి కళ్లెదుటే కొంచెం కొంచెంగా తాగించి చూస్తారు. ఏదైనా తిన్న వెంటనే పెదాలు వాచి, ఊపిరాడక ఇబ్బందిపడిన పిల్లలకు మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు.

రక్తం చెప్పలేని సగం మన దగ్గరే ఉంది. ఏం తిన్నాడు, ఎంతసేపటికి దద్దుర్లొచ్చాయి, ఏ నెలలో పిల్లికూతలు ఎక్కువ? చాకలిపద్దు రాసుకున్నట్టు ఇవీ ఓ నోటుపుస్తకంలో రాసి డాక్టరు ముందుంచండి. ఆ పుస్తకంలో మీకూ ఓ పేజీ ఉంచుకోండి. బూజులు దులిపిన రోజల్లా రాత్రి నిద్రపట్టనంత ఆయాసం వస్తున్నా, "నాకేంలే" అనుకునేది మనమే కదా!